నా లారీకి పొగ పరీక్ష

నల్లపొగ రాకపోతే బండి లాగదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. నేనొక్కణ్ణే కాదు, మిర్యాలగూడ మిల్లుల ముందు బియ్యం లోడు కోసం వరసలో నిలబడే డ్రైవర్లమంతా అంతే. ఇంజన్‌లోకి డీజిల్ ఎక్కువ పోయేలా పంపు స్క్రూ తిప్పించుకుని, వెనక ఎంత పొగ లేస్తే అంత దమ్మున్న బండి అనుకునేవాళ్ళం. నా లారీ కదిలితే వెనక రోడ్డే కనిపించేది కాదు. అబ్బో, ఎంత గర్వమో!

తొంభైల మొదట్లో ఢిల్లీ నుంచి కొత్త రూలు దిగింది. గాలి పాడవుతోంది కాబట్టి, దేశంలో ఏ బండైనా సరే పొగ హద్దు దాటితే ఫిట్‌నెస్ కాగితం ఇవ్వరట. నాకున్నది ఒకటే లారీ. అప్పుడే వరికోతలు మొదలయ్యాయి, నా కాగితం గడువేమో వారంలో అయిపోతుంది. కొత్త కాగితం రాకపోతే బండి ఇంటి ముందు నిలబడుతుంది, ఇంటిల్లిపాది నోట్లో మట్టే.

సూర్యాపేటలో డీజిల్ పంపులు బాగుచేసే ముసలి మేస్త్రి దగ్గరికి పరుగెత్తాను.

"చాచా, పొగ తక్కువ జెయ్యి. పంపు మాత్రం ముట్టుకోకు" అన్నాను.

ఆయన నవ్వాడు. "అరే బేటా, గదెట్లయితది? నల్లపొగంటే కాలకుండ బైటికి పోయే డీజిలు. ఇంజన్‌కు కాదు, గాలికి తాపిస్తున్నవ్."

"తగ్గిస్తే గుంజదు చాచా!"

"నీ ఇష్టం. మల్ల నా దగ్గరికే వస్తవ్."

నాకు ఒళ్ళు మండింది. నా తెలివి చూపిద్దామని గోనెసంచి తడిపి సైలెన్సర్ గొట్టంలో కుక్కి పరీక్షకు వెళ్ళాను. ఇన్‌స్పెక్టర్ గారు పొగ కొలిచే కొత్త మిషను పక్కన నిలబడి, "ఊఁ, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కవయ్యా" అన్నారు. తొక్కాను. ఢామ్మని చప్పుడు! సంచి ఎగిరివెళ్ళి ఆయన తెల్లచొక్కాకు కొట్టుకుంది, వెనకాలే పన్నెండేళ్ళ మసి. చుట్టూ ఉన్న డ్రైవర్లు కడుపు పట్టుకుని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన చొక్కా దులుపుకుని, "ఎల్లుండి రా. సంచి లేకుండా రా" అన్నారు.

తల వంచుకుని మళ్ళీ చాచా దగ్గరికే వెళ్ళాను. ఆయన పంపు స్క్రూ వెనక్కి తిప్పాడు, డీజిల్ చిమ్మే నాజిళ్ళు కడిగాడు, ఎయిర్ ఫిల్టర్ దులిపితే దోసెడు మట్టి రాలింది. ఈసారి పాసయ్యాను. కాగితమైతే చేతికొచ్చింది. కానీ నిండు లోడుతో ఎత్తు ఎక్కలేని బండికి కాగితం ఉండి ఏం లాభం?

మర్నాడు కోదాడలో బస్తాలు నింపుకుని సూర్యాపేట వైపు బయల్దేరాను. మునగాల దగ్గర ఎత్తు రాగానే గేరు మార్చి, దేవుడా అనుకుంటూ తొక్కాను. లాగింది! ఊపు తగ్గకుండా లాగింది!

"గుంజుతున్నవే నా తల్లీ!" అని క్యాబిన్‌లో ఒక్కణ్ణే అరిచాను.

పొగ వస్తోందేమోనని పక్క అద్దంలో చూశాను. వెనక స్కూటరు మీద భార్యాభర్తలు, ఆమె ఒళ్ళో చంటిబిడ్డ. నా లారీకి దగ్గరయ్యేసరికి ఆమె గబుక్కున బిడ్డ ముఖానికి కొంగు కప్పింది. పొగ రావట్లేదని చూసి, మెల్లగా తీసేసింది. పన్నెండేళ్ళుగా ఆ రోడ్డు మీద బండి తోలుతున్నాను. నా వెనక వచ్చే మనుషుల ముఖాలు చూడటం అదే మొదటిసారి.