పిల్లకో కుర్చీ

గచ్చు మీద ఇనప కుర్చీ ఈడిస్తే చాలామందికి పళ్ళు జివ్వుమంటాయి. నాకు మాత్రం నోరు మూతపడుతుంది. మొన్న అమలాపురంలో, నేను పనిచేసే స్కూల్లో తల్లిదండ్రుల సమావేశానికి గది సర్దుతూ ఆయా ఒక కుర్చీని బరబరా ఈడ్చింది. కొత్తగా చేరిన టీచరుతో ఏదో చెబుతున్నదాన్ని మాట మధ్యలో ఆగిపోయాను. "ఏమైందండీ?" అంది ఆ అమ్మాయి కంగారుగా. ఏమీ కాలేదు, విశాలాక్షిగారు గుర్తొచ్చారు. నన్ను ఎరిగినవాళ్ళకి ఇదెంత విడ్డూరమో తెలుస్తుంది. నేను పుట్టు వాగుడుకాయని. "దీని నోట్లో నువ్వుగింజ నానదు" అని మా అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. అలాంటి నోటికి తాళం వేసిన మనిషి ఆవిడొక్కరే. అదీ ఒక్క కసురు కసరకుండా.

ఆవిడది మురమళ్ళ. పెళ్ళయ్యాక భర్తతో గల్ఫ్ వెళ్ళి, అక్కడ అమెరికన్ పద్ధతిలో నడిచే స్కూల్లో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పారు. భర్త పోయాక, తొంభైల చివర్లో తిరిగొచ్చారు. అప్పుడే కొత్తపేట దగ్గర నలుగురు కొబ్బరి వ్యాపారులు కలిసి స్కూలు పెట్టాలనుకుని, ఆవిడని ప్రిన్సిపాలుగా రమ్మన్నారు. ఒకప్పటి కొబ్బరికాయల గోదాముకి సున్నం కొట్టించి, లోపల గదులు కట్టించి, గుమ్మం మీద 'ఇంటర్నేషనల్ స్కూల్' అని నీలం రంగుతో రాయించారు. వానాకాలం వస్తే ఆ గోడలు ఇంకా పీచు వాసన వేసేవి. ఇందులో ఇంటర్నేషనల్ ఏముందయ్యా అంటే, ఆవిడ పట్టుకొచ్చిన అమెరికా పిల్లల పుస్తకాలు, వాళ్ళు చదివే తీరు. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఏడాది తిరిగేసరికి పిల్లలకి ఇంగ్లీషు వచ్చేస్తుందని చేర్చారు. నేను బి.ఎడ్. పూర్తిచేసి, ఒక ట్యుటోరియల్లో లెక్కలు చెబుతున్నదాన్ని, అది మానేసి అక్కడ టీచరుగా చేరాను.

మొదటిరోజు ఏడో తరగతికి భిన్నాలు చెప్పాను. విశాలాక్షిగారు వెనక బెంచీలో పిల్లల పక్కన సర్దుకుని కూర్చున్నారు. పెద్దావిడ చూస్తోంది కదా అని నేను రెచ్చిపోయాను. ప్రశ్న మీద ప్రశ్న, బోర్డు నింపడం, తుడవడం, మళ్ళీ నింపడం. గంట కొట్టేసరికి జుట్టంతా సుద్దపొడి. మెచ్చుకుంటారని నిలబడ్డాను.

"బాగా చెప్పేరమ్మా కుమారిగారూ. ఒక్క సందేహం. ఆ ప్రశ్నలన్నీ ఎవరినడిగేరు?" అన్నారు.

"పిల్లలనేనండి."

"ఆయ్. మరి జవాబులన్నీ మీరే చెప్పేసుకున్నారేం?"

"వాళ్ళు చెప్పడంలేదు కదండీ!"

"చెప్పనిచ్చేరా?" అని నవ్వి, భుజం మీద చెయ్యి వేశారు. "అడిగేక ఆగాలండి. అడిగినవాళ్ళకి ఆ ఖాళీ చాలా పెద్దదిగా కనపడుతుంది. ఆలోచించుకునే పిల్లకి అది చాలనే చాలదు." ఆ రాత్రి నాకు ఉక్రోషంతో అన్నం సయించలేదు. మర్నాడు ప్రశ్న అడిగి, పెదవులు బిగపట్టి నిలబడ్డాను. ఏ కుర్రవాడూ పలకలేదు. ఎప్పుడూ పలకని పద్మజ అనే పిల్ల పలికింది. అదీ తప్పు జవాబే, కానీ పలికింది.

ఆ చదువు నాకు అర్థం కావడానికి ఒక ఏడాది పట్టింది. అందులో ర్యాంకులు లేవు. పిల్ల చేసిన పనిని పక్కపిల్ల పనితో కాక, నాలుగు మెట్లతో పోల్చేవాళ్ళం. ఇప్పుడే మొదలుపెట్టింది, దారిలో ఉంది, చేరింది, ఇంకా ముందుకెళ్ళింది అని. ఏ మెట్టుకి ఏమేం రావాలో ముందే పిల్లకి చెప్పాలి, దాచకూడదు. తప్పు చేస్తే దిద్ది ఇచ్చేవాళ్ళం, పిల్ల ఇంటికెళ్ళి మళ్ళీ చేసుకురావచ్చు. "పరీక్షలో తప్పితే మళ్ళీ రాయనిస్తారా? ఇదేం చోద్యమండీ!" అన్నాన్నేను. "మీ అమ్మగారు మొదటిసారి వేసిన దోసె విరిగిపోతే ఇంక జన్మలో పెనం పెట్టొద్దన్నారా?" అన్నారావిడ. ప్రతి పిల్లకీ ఒక ఫైలుండేది. అందులో మంచిగా వచ్చిన పనే కాదు, చెడిపోయిందీ పెట్టాలి. పుస్తకాల్లో లెక్కలన్నీ పిజ్జా ముక్కలు, మంచు కురిసిన అంగుళాలు. మా పిల్లలు ఆ రెండూ ఎరగరు. విశాలాక్షిగారు పద్ధతి ఉంచి సరుకు మార్చేశారు. పిజ్జా పోయి దిబ్బరొట్టె వచ్చింది. ఒకరోజు నిజంగానే వంటావిడ చేత దిబ్బరొట్టె కాల్పించి, ఆరు ముక్కలు చేసి, తేనెపానకంతో సహా క్లాసుకి తెచ్చారు. భిన్నాలు ఆ పూట అందరికీ కడుపులోకి దిగాయి.

అన్నిటికన్నా వింత, కాన్ఫరెన్సు. మామూలు స్కూళ్ళలో తల్లిదండ్రులొస్తే టీచరు మాట్లాడుతుంది, పిల్ల తలొంచుకు నిలబడుతుంది. ఇక్కడ పిల్ల మాట్లాడాలి. అమ్మానాన్నల ఎదుట కుర్చీలో కూర్చుని, ఫైలు తెరిచి, ఏది వచ్చిందో, ఏది రాలేదో, ముందు ఏం చేద్దామనుకుంటోందో తనే చెప్పుకోవాలి. టీచరు పక్కన కూర్చోవాలి, అంతే. నోరు మెదపకూడదు. నాలాంటిదానికి ఇంతకంటే పెద్ద శిక్షేముంటుంది చెప్పండి.

పద్మజ ఎనిమిదిలోకొచ్చిన ఏడాది స్కూలుకి గండం వచ్చింది. వాళ్ళ నాన్న సత్తిబాబుగారు మోతుబరి. కొబ్బరితోటలు, వరిచేలు, అంతకుమించి మాటకి విలువ. ఆయన పిల్లని చేర్చబట్టే ఆ చుట్టుపక్కల రైతులందరూ చేర్చారు. ఆయన ఎటు మొగ్గితే ఊరు అటే. అలాంటి మనిషికి ఎవరో బంధువు విజయవాడలో హాస్టలుతో సహా ర్యాంకులు పండించే స్కూలు గురించి చెప్పాడు. ఆయన నేరుగా వచ్చేశారు.

"మా అమ్మాయి క్లాసులో ఎన్నోదండీ?"

"అలా లెక్కపెట్టమండి," అన్నారు విశాలాక్షిగారు.

"లెక్కపెట్టకపోతే ఎలా తెలుస్తాదండీ? బస్తాలు కూడా తూచే కొంటాం కదండీ. కాన్ఫరెన్సుకి వస్తాను. నా పిల్ల ఎక్కడుందో నాకు బోధపడకపోతే ఆ రోజే టీసీ పట్టుకెళ్ళిపోతాను. ఏం అనుకోకండి."

ఆయన వెళ్తే వెనకాలే సగం స్కూలు వెళ్తుంది. ఆ సంగతి నాకంటే ఆవిడకే బాగా తెలుసు. గల్ఫ్ నుంచి తెచ్చుకున్న జీవితమంతా ఆ గోదాములోనే పోశారు. కాన్ఫరెన్సు రోజు పొద్దున్నే వరండాలో పద్మజని పట్టుకుని, "ఇక్కడే చదువుతానని గట్టిగా చెప్పు, తెలిసిందా?" అంటున్నాను. వెనక నుంచి ఆవిడ వచ్చారు. "ఆ పిల్ల నోట్లో మన మాట పెట్టకండమ్మా," అన్నారు. గొంతులో కోపం లేదు. నేను మాత్రం సిగ్గుతో చితికిపోయాను.

సత్తిబాబుగారు తెల్లటి పంచె, లాల్చీతో వచ్చి కూర్చున్నారు. పక్కన ఆయన భార్య. పద్మజ ఫైలు గుండెలకి హత్తుకుని తండ్రి కుర్చీ వెనక నిలబడింది. తండ్రి ఎదుట కూర్చునే అలవాటు ఆ ఇంట్లో ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ లేదు. విశాలాక్షిగారు లేచి, గోడవారనున్న ఇనప కుర్చీని ఈడ్చుకొచ్చి సరిగ్గా ఆయనకెదురుగా వేశారు. "కూర్చో పద్మజా. మీ నాన్నగారు నీ మాట వినడానికే పనులన్నీ మానుకుని వచ్చేరు," అన్నారు. పిల్ల తండ్రి వైపు చూసింది. ఆయన ఇబ్బందిగా కదిలి, కూర్చోమన్నట్టు తలాడించారు.

ముందు భిన్నాల కాగితం తీసింది. నిండా ఎర్ర గీతలు. "ఇది నాకు రాలేదు నాన్నగారూ," అంది. తర్వాత దాన్నే మళ్ళీ చేసింది చూపించింది, అదీ సగమే. ఆ తర్వాతది. "ఇక్కడ వచ్చింది. ఎందుకు రాలేదో కూడా తెలిసింది. కింది అంకెలు వేరైతే ముక్కలు వేరుగా ఉంటాయని నేను చూసుకోలేదండి." దిబ్బరొట్టె బొమ్మ వేసి చూపించింది. వాళ్ళమ్మ ముక్కుమీద వేలేసుకుని వింటోంది. సత్తిబాబుగారు ముందుకు వంగారు. గెలిచేశాం అనుకున్నాను.

"బానే ఉందండి," అన్నారాయన విశాలాక్షిగారితో. "మరి విజయవాడ పంపమంటారా, వద్దంటారా?"

"అమ్మాయినడగండి."

"చిన్నపిల్ల, దానికేం తెలుస్తాదండీ?"

"అడిగి చూడండి. అడిగేక కాస్త ఆగండి."

ఆయన అడిగారు. పద్మజ ఫైలు అంచు గిల్లుతూ కూర్చుంది. బయట ఎవరో కొబ్బరికాయలు వలుస్తున్నారు, కాయని గునపానికి పొడిచే చప్పుడు గదిలోకి వినపడుతోంది. నా నాలుక దురద చెప్పనలవి కాదు. 'ఉంటానని చెప్పవే తల్లీ' అని అరవాలనిపించింది. విశాలాక్షిగారు బల్ల కింద నా మణికట్టు పట్టుకున్నారు.

"వెళ్తాను నాన్నగారూ," అంది పద్మజ. "ఇక్కడ నాకు బాగుంది. నిన్నటికంటే ఇవాళ ఎంత వచ్చిందో తెలుస్తోంది. కానీ బయట వాళ్ళలో నేను ఎక్కడున్నానో చూసుకోవాలని ఉంది. నాకు పడకపోతే వచ్చేస్తాను." ఆగి, విశాలాక్షిగారి వైపు తిరిగింది. "అప్పుడు చేర్చుకుంటారా మేడమ్‌గారూ?"

"ఆయ్, ఎందుకు చేర్చుకోమమ్మా," అన్నారావిడ.

సత్తిబాబుగారు పోట్లాడ్డానికి వచ్చిన మనిషి. పోట్లాడ్డానికి ఏమీ మిగల్లేదు. "మీరేమీ అనరేంటండీ?" అన్నారు ఆశ్చర్యంగా. "కారణం చెప్పింది కదండీ. ఇంక నేను అనేదేముంది?" అన్నారావిడ, టీసీ మీద సంతకం పెడుతూ.

వాళ్ళు వెళ్ళాక నేను ఏడుపూ కోపమూ కలిపి విరుచుకుపడ్డాను. "ఒక్క మాట అంటే ఆగిపోయేది కదండీ! మన చేతులతో మనమే స్కూలు మూసుకున్నట్టయింది."

"ఆగేదేనండి," అన్నారు. "మనకి కావలసిన మాటే చెప్పాలంటే బెత్తం చాలు కదమ్మా. దానికి అమెరికా నుంచి పుస్తకాలు తెప్పించుకోవడం ఎందుకు?" అంత నిబ్బరంగా అన్న మనిషి, పోసుకున్న కాఫీ తాగడం మరిచిపోయి కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. ఆవిడకి బాధ లేదనుకుంటే పొరపాటు. బాధపడుతూనే సంతకం పెట్టారు.

నేను భయపడ్డట్టే అయింది. వేసవి సెలవల తర్వాత సగం పిల్లలు రాలేదు. రెండేసి తరగతులు ఒకే గదిలో కూర్చోబెట్టి మరి కొన్నాళ్ళు నడిపాం. ఆఖరికి కమిటీవాళ్ళు చేతులెత్తేశారు. గోదాములోకి మళ్ళీ కొబ్బరికాయలొచ్చాయి. ఆవిడ మురమళ్ళ వెళ్ళిపోయారు, నేను అమలాపురం చేరాను. పద్మజ తిరిగి రాలేదు. అక్కడే నిలదొక్కుకుంది, ఇంజనీరింగులో చేరిందని విన్నాం.

కొన్నేళ్ళకి ఒక ఆదివారం ఆవిడని చూడ్డానికి మురమళ్ళ వెళ్ళాను. వీధి అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూంటే, అంటే నేను చెబుతూంటే, చీర కట్టుకున్న ఒక అమ్మాయి గేటు తీసుకుని లోపలికి వచ్చింది. పద్మజ. వాళ్ళమ్మ వీరేశ్వరస్వామి గుళ్ళో, పెళ్ళీడు పిల్లల కోసం చేయించే కల్యాణం మొక్కుకుందట, అమ్మానాన్నలు ఇంకా గుళ్ళోనే ఉన్నారట.

"మొక్కు ఎందుకంటే నా మూలానేనండి," అని నవ్వింది. "మొన్న ఒక సంబంధం వచ్చింది. పెద్దలందరూ హాల్లో కూర్చున్నారు, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. మా పెదనాన్నగారు ఖాయం చేసేద్దామంటున్నారు. నాన్నగారు లేచి, లోపలి నుంచి కుర్చీ ఈడ్చుకొచ్చి పెదనాన్నగారికెదురుగా వేసేరండి. 'కూర్చోమ్మా. నీకేం అనిపిస్తోందో నువ్వు చెప్పు' అన్నారు. పెదనాన్నగారు ఏదో అనబోతే, 'అన్నయ్యా, కాస్త ఆగు, అది ఆలోచించుకుంటోంది' అన్నారు."

నేను 'నువ్వేం చెప్పావే?' అని నోరు తెరిచేశాను. విశాలాక్షిగారి చెయ్యి నా మణికట్టు మీద పడింది. ఆవిడ అడిగింది వేరు.

"ఎంతసేపు ఆగేరమ్మా మీ నాన్నగారు?"

"చాలాసేపండి. అందరి కాఫీలూ చల్లారిపోయేయి."

ఆవిడ కళ్ళజోడు తీసి పమిటచెంగుతో తుడుచుకున్నారు. అద్దాలు బాగానే ఉన్నాయి. "ఇన్నాళ్ళూ మన స్కూలు మూతపడిందనుకున్నానమ్మా కుమారీ," అన్నారు.

ఆ సంబంధం వద్దని చెప్పిందట. నేనే గేటు దాకా సాగనంపుతూ అడిగి తెలుసుకున్నాను, ఊరుకోలేను కదా. విశాలాక్షిగారు ఇప్పుడు లేరు. మొన్న ఆయా ఈడ్చిన కుర్చీలో ఆరో తరగతి పిల్ల ఒకతె వచ్చి కూర్చుంది. తండ్రి అడిగినదానికి జవాబు రాక కిటికీ వైపు చూస్తోంది. కొత్త టీచరు అందించబోయింది. బల్ల కింద ఆమె మణికట్టు పట్టుకున్నాను.