అమ్మ వేయించిన సమాధుల బాట

మొన్న గ్రామ సచివాలయం నుంచి సర్వే కోసం ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఎండన పడి వచ్చిందని కొబ్బరినీళ్ళు ఇచ్చి కూర్చోబెడితే, తను నా దగ్గర మూడో తరగతి చదివిన పిల్లేనని చెప్పి మురిసిపోయింది. పేర్లు, వయసులు, రేషను కార్డు అన్నీ అడిగి చేతిలోని ఫోనులో నొక్కుకుంటూ పోయి, మతం అన్న గడి దగ్గర ఆగింది. "ఇందులో హిందూ అనే ఉందండీ టీచరుగారూ, అలాగే ఉంచేయమంటారా?" అని తలెత్తకుండానే అడిగింది. ఆ పిల్ల తలకు సరిగ్గా పైన గోడకు మా చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండరు, దాని పక్కన చెక్క సిలువ ఉన్నాయి. నేను ఏం చెప్పానో తరువాత చెబుతాను. ముందు మా అమ్మ గురించి చెప్పాలి.

మా అమ్మకు నలభై దాటకుండానే నాన్న పోయాడు. ఊడ్పులకూ కోతలకూ వెళ్ళేది, పనుల్లేని రోజుల్లో కొబ్బరి పీచు తాడు పేనేది, ఆదివారం వస్తే మా పేట చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. నా ఈడు వాళ్ళలో చర్చి ఇళ్ళల్లో పుట్టిన వారికి పిడికెడు బియ్యం సంగతి కొత్త కాదు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన చిన్న కుండలో వేయడం, ఆదివారం నాడు ఆ కుండ పట్టుకెళ్ళి చర్చిలో ఉన్న డ్రమ్ములో పోయడం. మా ఇంట్లో ఎసరు చిన్నది, అమ్మ పిడికిలి మాత్రం పెద్దది. అందరి ఇళ్ళల్లోనూ పిల్లలకు వండగా మిగిలింది దేవుడికి వెళ్తుంది, మా ఇంట్లో దేవుడికి ఇవ్వగా మిగిలింది మాకు వస్తుందని నేను దెప్పేదాన్ని. ఆ డ్రమ్ములో బియ్యం పురుగు పట్టడం అమ్మకు గిట్టేది కాదు. బాలింత ఉందంటే, మంచం పట్టిన మనిషి ఉన్నాడంటే, వాళ్ళు చర్చికి వస్తారా గుడికి వెళ్తారా అని అడగకుండా కొంగున కట్టుకుని వెళ్ళి పోసి వచ్చేది.

నాన్న శ్రావణమాసంలో పోయాడు. మా సమాధుల స్థలం కాలువ అవతల, చేల నడుమ ఉండేది. దానికి దారి అంటూ లేదు, అడుగు వెడల్పు గట్టు ఒక్కటే. శవపెట్టె మోసే నలుగురు ఆ గట్టు మీద పట్టరు కనుక చేలోకి దిగి, తొడల లోతు నీళ్ళలో నడవవలసి వచ్చింది. నడుమ ఒకాయన కాలు జారితే పెట్టె ఒరిగి ఒక మూల నీళ్ళలో మునిగి లేచింది. వెనకాల నడుస్తున్న అమ్మ అది చూసింది. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు, ఏ మాటల్లో ఉన్నా ఉండుండి "పెట్టె తడిసిపోయిందే" అనేది. ఈస్టరు నాటి తెల్లవారుజామున మేమందరం తెల్లచీరలు కట్టుకుని, సున్నం వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు పెట్టడానికి ఆ గట్టు వెంటే పాడుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఎవరో ఒకరు జారి చేలో పడేవారు, పిల్లలు నవ్వేవారు, పడినవారూ నవ్వేవారు. అమ్మ మాత్రం ఆ గట్టు మీద ఒక్కనాడూ నవ్వలేదు.

తొంభైల నడుమ వచ్చిన ఆ పెద్ద తుపాను మన కోనసీమ వాళ్ళెవరూ మరిచిపోయి ఉండరు. తెల్లారి చూస్తే నిలబడ్డ కొబ్బరిచెట్టు కోసం వెతుక్కోవలసి వచ్చింది. మా పేటలో ఇళ్ళన్నీ కూలాయి, చర్చి ఒక్కటే మిగిలింది. అమ్మ ఆ డ్రమ్ము వరండాలోకి దొర్లించి, మూడు రాళ్ళు పెట్టి గంజి కాచడం మొదలుపెట్టింది. మొదటి రోజు పేటవాళ్ళు, రెండో రోజు కాలువ గట్టు మీది చాకలి, జాలరి ఇళ్ళవాళ్ళు, మూడో రోజు ఊళ్ళోని రైతుల వీధి నుంచి కూడా గిన్నెలు పట్టుకుని వచ్చారు. నాన్న పాలేరుగా చేసిన రైతుగారు ఇంటిపెంకులన్నీ పోయి, తడిసిన ధాన్యం చూసుకుంటూ తిండి మానేసి కూర్చున్నారని తెలిసి, అమ్మ ఆయనకు కూడా ఒక చెంబు గంజి పంపింది. ఆయన తాగారో లేదో మాకు తెలియదు. చెంబు మాత్రం తోమించి, తిరిగి పంపారు.

ఆ గంజి సంగతి ఆయన మనసులో ఉండిపోయిందని తరువాత అర్థమైంది. కొన్నేళ్ళకు మా పంచాయతీ సర్పంచి పదవి ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. రైతుగారు తనంత తానే పేటకు వచ్చి చర్చి అరుగు మీద కూర్చుని, ఊరూ పేటా రెండూ మాట వినే మనిషి మా అమ్మ ఒక్కతేనని, ఆమె నిలబడాలని అడిగారు. అమ్మ, సమాధులకు బాట కావాలంది. గట్టు పొడవునా తన చేలో ముక్క వదులుతానని, పంచాయతీ మట్టి తోలించుకుంటే చాలునని ఆయన ఒప్పుకున్నారు. అలా నాన్న పెట్టె తడిసిన చోట బాట వేయడానికి అమ్మ సర్పంచిగా నిలబడింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మీలో చాలామందికి అది తెలిసినదే, పైకి అనుకోము అంతే. క్రైస్తవం పుచ్చుకున్నవారు చట్టం లెక్కలో ఎస్సీలు కారు, వారిది వేరే జాబితా. అయితే మా పేటలో ఇంచుమించు అందరి కాగితాల్లోనూ హిందూ అనే ఉండేది. బడిలో చేర్చిన నాడు హెడ్‌మాస్టరుగారు అలా రాశారు, మార్చమని ఎవరమూ అడగలేదు. నా టీచరు ఉద్యోగం ఎస్సీ కోటాలో ఆ కాగితం మీదే వచ్చింది. కాగితం కాగితమే, విశ్వాసం విశ్వాసమేనని మాలో మేము సర్దిచెప్పుకునేవాళ్ళం. చదువుకున్నదాన్ని కనుక ఆ సర్దిచెప్పుకోవడం నాకు మరీ బాగా వచ్చు.

నామినేషన్ల పరిశీలన నాడు ఎదుటిపక్షం అభ్యంతరం పెడుతుందని ముందే పొక్కింది. అమ్మ ఏమీ కంగారు పడలేదు. అడిగితే ఉన్నమాటే చెబుతానని, పదవి పోతే పోనిమ్మని అంది. కంగారు నాది. తల్లి క్రైస్తవురాలని ఆఫీసులో తేలితే కూతురి కాగితం ఎవరు చూడరు? ఆ ఉదయం అమ్మ పొయ్యి దగ్గర ఉండగా వెళ్ళి, నా ఉద్యోగం పోతే ఇద్దరు పిల్లలతో నేను ఏ నూతిలో దూకాలో కూడా నువ్వే చెప్పు అన్నాను. బతిమాలినట్టు అనలేదు, బెదిరించినట్టే అన్నాను. అమ్మ చేటలోంచి పిడికెడు తీసి కుండలో వేసి, మిగిలినవి ఎసట్లో పోసింది.

అంతటితో ఆగినా బాగుండేది. పక్కింటామె దగ్గర స్టిక్కరు బొట్ల అట్ట అడిగి తెచ్చి, వాటిలో అందరికీ కనబడేంత పెద్ద ఎర్రబొట్టు ఏరి, నా చేత్తో అమ్మ నుదుట అంటించాను. బాప్తిస్మం పుచ్చుకున్నాక అమ్మ బొట్టు పెట్టుకోలేదు, నేనైతే పుట్టి ఎరగను. మండలాఫీసు వరండాలో రైతుగారు మమ్మల్ని చూసి మొహం మాడ్చుకుని, నన్ను పక్కకు పిలిచారు.

"అమ్మాయ్, మీ నాన్న లేడు కదా. ఎర్రది పెట్టకూడదే. చిన్న నల్లది పెట్టాల్సింది" అని గొంతు తగ్గించి చెప్పారు.

హిందువులమని చూపించుకోబోయి, హిందువుల ఇంట ఏ చిన్నపిల్లకైనా తెలిసిన సంగతి తెలియనిదాన్నని అక్కడే బయటపడ్డాను. అమ్మ ఆ మాట వింది. నుదుటి బొట్టు ఊడదీసి, ఎక్కడ పడేయాలో తెలియక ఎడమచేతి బొటనవేలికి అంటించుకుని, అలాగే లోపలికి వెళ్ళింది. అభ్యంతరం చదివి వినిపించిన ఆఫీసరుగారు చెడ్డవాడేమీ కాదు, తొందరగా తెమిలితే చాలుననుకునే మనిషి. కాగితాలు తిరగేసి, "మీరు హిందువులే కదమ్మా?" అని అడిగారు. అమ్మ తల తిప్పి గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసింది. ఆ చూపు ఎంతసేపో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఆయ్" అంది.

సంతకం పెట్టింది. ఇంటికి రాగానే ఆ బొట్టును బీరువా అద్దం మూల అంటించి, కాళ్ళు కడుక్కుని వంటలో పడింది.

అమ్మ గెలిచింది. నాన్న కొలువు చేసిన ఇంటాయన అమ్మను 'సర్పంచిగారూ' అని పిలవడం నా చెవులతో విన్నాను. పేటకు కుళాయి వచ్చింది, మూడో ఏట రైతుగారు మాట తప్పకుండా చేను వదిలితే గ్రావెలు తోలించి, ఆరుగురు పక్కపక్కన నడిచేంత వెడల్పున సమాధుల బాట పడింది. ఆ ఏడు ఈస్టరుకు ఒక్క చీరకు కూడా బురద అంటలేదు. మా చర్చి పాస్టరు అయ్యగారు ప్రార్థనలో అమ్మ కోసం దేవునికి స్తోత్రం చెల్లించారు.

అయితే పరిశీలన జరిగిన మరుసటి నెల మొదటి ఆదివారం, మనసులో తప్పు పెట్టుకుని ముట్టకూడదనే ప్రభువు బల్ల దగ్గర, రొట్టె ఉన్న పళ్లెం మా వరుసకు వచ్చినప్పుడు, అమ్మ అందులో చెయ్యి పెట్టలేదు. పళ్లెం అందుకుని నాకు ఇచ్చింది. నేను తీసుకున్నాను. ద్రాక్షరసం గిన్నె వచ్చింది, అదీ నాకే ఇచ్చింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మరుసటి నెలా అంతే, ఆ పై నెలా అంతే. అయ్యగారు ఇంటికి వచ్చి, మా పేటలో ఆ కాగితం లేని ఇల్లు ఏది, తన ఇల్లు మాత్రం మినహాయింపా, మనసు కష్టపెట్టుకోవద్దని చెప్పారు. అమ్మ ఆయనకు టీ ఇచ్చి, మర్యాదగా విని, పై ఆదివారం మళ్ళీ పళ్లెం నాకే అందించింది. పిడికెడు బియ్యం ఒక్క పూట మానలేదు. ప్రార్థన మానలేదు, పాట మానలేదు. బల్ల ఒక్కటే మానేసింది.

పదవి అయిపోయాక ఒకనాడు ఉండబట్టలేక అడిగాను. మన వైపు ఎవరేమన్నా ఆయ్ అనడం అలవాటే కదా, నువ్వూ అలవాటు కొద్దీ అనేశావు, అది అబద్ధం కింద రాదు అన్నాను. టీచరును కదా, తప్పు దిద్దబోయాను.

"అలవాటుగా అన్లేదే. నిన్ను చూసి అన్నాను" అంది అమ్మ. మళ్ళీ తనే, "ఆ ఆఫీసు గుమ్మంలోకే వెళ్ళి ఉన్నమాట చెప్పేసొస్తే గాని ఆ రొట్టె ముట్టుకోలేను. నీ సర్వీసు అయిపోనీ, అప్పుడు చూద్దాం" అంది.

నాకు కోపం వచ్చింది. నా జీతం మీద బతుకుతూ నన్నే దోషిని చేస్తున్నట్టు తోచి రెండు రోజులు మాట్లాడలేదు. అది కోపం కాదు, భయమని ఇప్పుడు తెలుస్తోంది. అమ్మ ఆ తరువాత ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు. నా సర్వీసు పూర్తికాక ముందే, మంచాన పడ్డ నెలకే పోయింది. అదీ వానాకాలమే. రెండు పక్కలా చేలు నిండి పొర్లుతున్నాయి. బాట మీద ఆరుగురు మోసుకు వెళ్ళారు, పెట్టెకు చుక్క నీరు తగలలేదు. ఎంత పుణ్యం చేసుకుంటే ఇలాంటి చావు వస్తుందని ఊరివాళ్ళు అన్నారు. నేను ఆమె పదేళ్ళకు పైగా ముట్టని రొట్టె గురించి తలచుకుంటూ నడిచాను.

నిరుడు రిటైరయ్యాను. అయిన మర్నాడే ఆ ఆఫీసుకు వెళ్ళి అమ్మ చెప్పదలచిన మాట నేనైనా చెప్పి రావాలని ఎన్నాళ్ళుగానో అనుకున్నాను. వెళ్ళలేదు. మా చిన్నమ్మాయి టీచరు పరీక్షకు చదువుతోంది. అదే కోటా, అదే కాగితం. సర్వే పిల్ల అడిగినప్పుడు, పక్కగదిలోంచి మా అమ్మాయి పాఠాలు పైకి చదువుకుంటున్న గొంతు వినబడుతోంది.

"ఉంచెయ్యమ్మా" అన్నాను.

ఆ పిల్ల వేలితో ఒక్క నొక్కు నొక్కి, కొబ్బరినీళ్ళు బాగున్నాయని చెప్పి వెళ్ళిపోయింది. ఆనాడు అందుకు ఎంత తతంగం జరిగింది! అభ్యంతరం, ఆఫీసరు, బొట్టు, చూపు, సంతకం. అబద్ధం ఆడినవారికి ఆడినట్టు తెలిసేది. ఇప్పుడు అడిగేవారు తలెత్తి చూడరు, చెప్పేవారు నోరు తెరవనక్కరలేదు. చర్చిలో బియ్యం డ్రమ్మూ లేదు, కానుకలు ఫోనులో వెళ్తున్నాయి. సమాధుల బాటకు సిమెంటు వేసి దీపాలు పెట్టారు. ఆ బాట ఎలా వచ్చిందో మా పేట పిల్లలకు తెలియదు. బీరువా అద్దం మూల బొట్టు మాత్రం వెలిసి గులాబీ రంగుకు తిరిగి, ఇంకా అలాగే అంటుకుని ఉంది.

ఈ నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర పళ్లెం నా వరుసకు వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నా చెయ్యి లేవలేదు. పళ్లెం అందుకుని, పక్కన కూర్చున్న మా చిన్నమ్మాయికి ఇచ్చాను. నాకు ఒంట్లో బాగాలేదేమోనని ఒకసారి నా మొహం చూసి, తను తీసుకుంది.