మునెయ్య పక్కన కూచున్న సామి

మా చిన్నప్పుడు... ఆడి నెల, అదే ఆషాఢం, వస్తే తమిళనాడు పొదటూరుపేటలో మా అవ్వ మగ్గం మీద ఒక తెర నేసేది. పడుగు చివర మిగిలిన నూలుతో... అంచు లేదు, పువ్వు లేదు. అమ్మడానికి కాదు, సామికి అడ్డం కట్టడానికి.

ఊరి బయట చెరకు తోట గట్టున మా ఊరి దేవుడు మునెయ్య ఉండేవాడు. పసుపు పూసిన నిలువు రాయి, అంతే. ఆయన పక్కనే ఇంకో సామి... కాళ్ళు మడిచి, ఒళ్ళో చేతులు పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని. పేరు ఎవరికీ తెలియదు. కూచున్న సామి అనేవాళ్ళం.

మునెయ్యకు కోడి కావాలి. ఈయనకేమో నెత్తురు గిట్టదు. అందుకని కోడిని కోసేముందు అవ్వ ఈయన ముందు తెర కట్టేది. అయిపోయాక నేల కడిగి, తెర తీసి, ఇద్దరికీ ఒకే కుండలోని పొంగలి పెట్టేది. ఆ పొంగలి కోసం మేము పొద్దున్నుంచీ కాచుకుని ఉండేవాళ్ళం.

ఒక ఏడు పట్నం నుంచి ఎవరో కెమెరా తగిలించుకుని వచ్చారు. ఈయన బుద్ధుడు, ఈయన దగ్గర కోళ్ళు కొయ్యడం పాపం, వేరు చెయ్యండి అన్నారు. మా పెద్దమనుషులకు రోషం వచ్చింది. బుద్ధుడైతే మన సామే కాదు, మునెయ్య చోట్లో ఆయనకేం పని అన్నారు. నిన్నటిదాకా ఆయనకు దండం పెట్టిన చేతులే అవి...

అవ్వ ఒక్కతే అడ్డం పడింది. "ఎవురైతే ఏమప్పా? ఇన్నేండ్లు పక్కపక్కనే కూచోనుండారు. వాళ్ళకి లేని తగువు మీకేల?"

ఎవరు వింటారు!

ఆ ఆడి నెలలో తెర తీసుకుని అవ్వా నేనూ పోయాం. కూచున్న సామికి తల లేదు. మెడ దగ్గర రాయి తెల్లగా, కొత్తగా పగిలి ఉంది. చెరకు తోటంతా వెతికాం, దొరకలేదు. చేసిందెవరో ఎవరూ నోరు విప్పలేదు.

అవ్వ అక్కడే కూలబడింది. "నరికేది సామి చూడగూడదని గదా పాపా తెర కట్నాము... సామినే నరికినారే!"

ఆ తెరనే మొండేనికి చుట్టి ఇంటికొచ్చింది. మళ్ళీ తెర నెయ్యలేదు. పోయేదాకా ఆ గట్టు తొక్కలేదు.

ఇప్పుడు గుమ్మిడిపూండిలో ఫ్యాక్టరీ ఉద్యోగం నాది. ఆ మధ్య మిషన్ బిగించడానికి జపాన్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. టీ తాగుతూ నేను ఇదంతా చెబితే గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత వాళ్ళ సంగతి చెప్పాడు... అక్కడా ఊరి దేవుళ్ళూ బుద్ధుడూ వందల ఏళ్ళు ఒకే ఆవరణలో ఉండేవాళ్ళట. ఇద్దరూ ఒకటే అనుకుని మొక్కేవాళ్ళట. నూటయాభై ఏళ్ళ కిందట సర్కారు వేరు చెయ్యమంది. జనం అంతటితో ఆగలేదు, విగ్రహాలు పగలగొట్టారు. వాళ్ళ ఊరి దారి పక్కన తలల్లేని రాతి విగ్రహాలు ఇంకా ఉన్నాయట. ముసలివాళ్ళు వాటి మెడకు ఇప్పటికీ ఎర్రగుడ్డ కడతారట.

నాకు ఏడుపు ఆగలేదు.

మొన్న ఆడి నెలలో ఊరికి పోయాను. మునెయ్యకు టైల్స్ వేశారు, స్టీలు గేటు పెట్టారు. మొండెం కనబడలేదు. "యాడన్నా?" అని మా అన్నను అడిగాను.

"గుడికి పునాది తవ్వినప్పుడు దాంట్లో ఏసేసినారు మే."

కోడిని కోశారు. తెర ఊసే లేదు... చూసి బాధపడే సామి లేడు కదా.

మీ ఊళ్ళో పక్కపక్కనే కూచున్న సాములు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఒకసారి పోయి చూసి రండి... ఇంకా ఇద్దరూ ఉన్నారేమో నాకు చెప్పండి.