మా చిన్నాయన తాబేలు, గన్నేరు పూలు

చిన్నప్పుడు నేను తాండూరులో మా చిన్నాయన ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని... మా ఊరు పెద్దేముల్ అవతల, రోజూ బడికి రావడం కష్టమని. ఒకనాడు బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో ఇత్తడి గంగాళం, దాని నిండా నీళ్లు, నీళ్లలో ఒక తాబేలు... మెడ పైకి చాచి కాళ్లు కొట్టుకుంటోంది.

చుట్టూ చిన్నాయన, ఆయన దోస్తులు. వీపు మీద పసుపు చుక్కల గీతలున్న మెట్ట తాబేలు అది. నేల మీద బతికే జీవిని నీళ్లలో వేసి, ఈత కొడుతోందని మురిసిపోతున్నారు...

చిన్నమ్మ వంటింట్లోంచి వచ్చి దాన్ని ఎత్తి, కొంగుతో తుడిచి, నేల మీద పెట్టింది.

"తాబేలు నీళ్లల్ల ఉండక యాడుంటదే?" అన్నాడు చిన్నాయన.

"మునుగుతున్నది. కండ్లకు కనవడ్తలేదా?" అన్నది చిన్నమ్మ.

చిన్నాయనకు బండల పాలిష్ యూనిట్ ఉండేది. ఇంట్లో తాబేలుంటే వ్యాపారం కలిసొస్తుందని ఎవరో చెప్తే తెచ్చాడు. అది ఏం తింటుందో మాత్రం ఎవరినీ అడగలేదు... వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు. వాళ్లు బిస్కెట్టో మిర్చి బజ్జీ ముక్కో దాని మూతికి ఆనించేవాళ్లు. అది తల లోపలికి లాక్కుంటే, పొగరట దానికి... పగలబడి నవ్వేవాళ్లు.

మేత సంగతి చిన్నమ్మ మీదే పడింది. ఇంటి చుట్టూ బండలు పరిచారు, గడ్డిపోచ మొలవదు. సాయంత్రం నన్ను వెంటబెట్టుకొని రైలు పట్టాల అవతలి ఖాళీ జాగాలకు వెళ్లేది. గరిక, గడ్డి చామంతి, ముళ్లు గీకేసిన నాగజెముడు లేత మట్టలు... దారిలో ఎవరింటి ముందైనా మందార పూలుంటే అడిగి నాలుగు. తనకూ మొదట్లో అన్నీ తెలియవు. పాలకూర రోజూ పెట్టేది. రోజూ వద్దని పశువుల డాక్టరు చెప్పాక మానేసింది.

"మేక తింటది గద చిన్నమ్మా, ఇది గూడ తినదా?" అని జిల్లేడు ఆకు చూపించాను ఒకసారి.

"మేక కడుపు వేరు, దీని కడుపు వేరు బిడ్డా. తెలువనిది వెట్టొద్దు. జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం, వయ్యారిభామ... వీటి జోలికే పోవద్దు." అంతటితో వదల్లేదు. జిల్లేడు పాలు అంటిన నా చెయ్యి కడిగించాకే గరిక ముట్టనిచ్చింది.

ఇంటి గేటు పక్కన గన్నేరు చెట్లుండేవి. కొట్టేయమని చిన్నమ్మ ఎన్నోసార్లు అడిగింది. గేటుకు అందమని చిన్నాయన వినలేదు...

ఒక ఆదివారం హైదరాబాదు నుంచి బండలు కొనేవాళ్లు వచ్చారు. తాబేలును వాళ్ల ముందు పెట్టారు. అది కదలదు, తినదు. చిన్నాయనకు పరువు పోయినట్టయింది. లేచి వెళ్లి గన్నేరు పూలు, ఆకులు తుంపుకొచ్చాడు. ఎర్రటి పూలు కనపడగానే అది మెడ చాచింది...

"వద్దు. అది ఇసం," అన్నది గడపలో నిలబడ్డ చిన్నమ్మ.

"దేవునికి వెట్టె పూలు ఇసమెట్లయితయే? లోపలికి వోయి చాయ్ తే."

వచ్చినవాళ్లు నవ్వారు. చిన్నమ్మ లోపలికి పోలేదు. అందరి మధ్యకు వచ్చి వంగి, తాబేలు నోట్లోంచి పువ్వు లాగేసింది. అప్పటికే అది కొంత మింగింది.

మర్నాడు దాని నోటి దగ్గర నురగ... కాళ్లు వేలాడిపోయాయి. పశువుల దవాఖానాకు ఎత్తుకొని పోయాం. డాక్టరు చూసి, గన్నేరు తిన్నదాన్ని బతికించడం తన చేతిలో లేదన్నాడు. తిరిగి వస్తుంటే ఆటోలో, చిన్నమ్మ ఒళ్లోనే పోయింది.

చిన్నాయన ఏమన్నాడో తెలుసా... "మన ఇంటికొచ్చే గండం అది మీదేసుకొని వోయింది." కాస్తయినా తలదించుకోలేదు. నలుగురికీ అదే చెప్పుకున్నాడు, ఏదో ఘనకార్యంలాగా. పెద్దవాళ్లలో కొందరిని అసహ్యించుకోవచ్చని నాకు తెలిసింది అప్పుడే.

కొద్దిరోజులకే రెండోది తెచ్చాడు.

ఆయన యూనిట్‌కు పోగానే చిన్నమ్మ దాన్ని గరిక వేసిన బట్ట సంచిలో పెట్టుకొని, నన్ను తీసుకొని వికారాబాద్ ప్యాసింజర్ ఎక్కింది. నేరుగా ఫారెస్టు ఆఫీసుకు.

"వీటిని ఇంట్ల వెట్టుకునుడు నేరం. తెల్వదా అమ్మా?" అన్నాడు అక్కడి ఆఫీసరు.

"తెలిసే తెచ్చిన సార్. కేసు రాస్తె మా ఆయన పేరు రాయుండ్రి."

ఆయన కేసు రాయలేదు. సంచి తీసుకొని, అడవిలో వదిలిస్తామన్నాడు.

సాయంత్రం ఇంట్లో పెద్ద లొల్లి. చిన్నాయన అరిచి అరిచి ఆగాక చిన్నమ్మ నెమ్మదిగా అన్నది... "ఇంకోటి తెస్తె ఈసారి నేను వోను. ఆ ఆఫీసోళ్లనే ఇంటికి తోల్కొస్త."

మళ్లీ తేలేదు. వీధిలో మాత్రం తాబేలు పారిపోయిందని చెప్పుకున్నాడు. తాబేలు... గేటు దాటి, అందరి కళ్లుగప్పి, పరుగెత్తిందట. విన్నవాళ్లు తలలూపారు. వాళ్లూ అదే రకం.

ఇప్పుడు ఫోను తెరిస్తే ఆ రకమే కనిపిస్తోంది. చాటుగా కొన్న తాబేలు ముందు పూలు చల్లి వీడియోలు... అవి ఏం పూలో తీసినవాడికి తెలియదు, లైకు కొట్టినవాడికి అక్కర్లేదు. వాస్తు ప్రకారం తాబేలు ఏ దిక్కుకు చూడాలో మాత్రం అందరికీ తెలుసు.

పట్టాల అవతలి ఆ ఖాళీ జాగాలు ఇప్పుడు లేవు. మిగిలిన కాస్త నేలనూ వయ్యారిభామ కమ్మేసింది. చెయ్యి పట్టుకొని, ఇది తినేది, ఇది ముట్టకూడనిది అని చూపించే మనుషులూ తగ్గిపోయారు...

మీకు అలా చూపించినవాళ్లుంటే వాళ్ల గురించి రాయండి, చదువుతాను. చిన్నాయనల గురించి మాత్రం వద్దు... వాళ్లు అందరి ఇళ్లలోనూ ఉన్నారు.