వదులు మూత

మా ల్యాబ్‌లో ఆమెను అందరూ ఉప్పక్క అనే పిలుస్తారు. ఓడల నుంచి సీసాల్లో వచ్చే సముద్రపు నీటిని మెషీన్‌కి పెట్టి, ఎంత ఉప్పగా ఉందో చూడటం ఆమె ఉద్యోగం. "సముద్రం ఎక్కడైనా ఉప్పే కదా, దీనికి జీతం కూడానా?" అని కొత్తవాళ్ళెవరైనా నోరు జారారా, అయిపోయారే.

"భూమధ్యరేఖ దగ్గర రోజూ మబ్బు, వాన. అన్ని మంచినీళ్ళు పడితే ఉప్పు పలచబడదా? అది దాటి అటూ ఇటూ పోతే వాన ఉండదు. ఎండకి నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. ఇంకా చివరలకి పోతే మంచు కరిగి మళ్ళీ చప్పబడుతుంది. ఇంట్లో ఎప్పుడూ ఉప్పునీళ్ళు మరిగించలేదా నువ్వు?"

ఆ సీసాలు నింపేది ఆమె తమ్ముడే. అమ్మ పోయాక తనే పెంచుకున్న తమ్ముడు. ఈసారి సీసాలొచ్చాయి, అతను రాలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందనీ, ఏ బాధా పడలేదనీ ఓడవాళ్ళు చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె ఇంత తిని ఆఫీసుకు వస్తోంది. "వాడి సీసాలు నేనే చూస్తాను" అంటే అన్నీ ఆమె బల్ల మీదే పెట్టాం.

ఎండ ప్రాంతపు సీసాలు సరిగ్గానే చూపించాయి. ఓడ భూమధ్యరేఖ వైపు వెళ్ళేకొద్దీ అంకె తగ్గాలి. తగ్గకపోగా పెరిగింది. మా సారు మెషీన్‌ని తిట్టి, సరిచేసి, మళ్ళీ పెట్టించారు. అదే అంకె.

"వాన ప్రాంతంలో ఇంత ఉప్పేంటి? మూతలు వదులై నీళ్ళు ఆవిరైనట్టున్నాయి. ఇవి పనికిరావు, పారబోయండి" అన్నారు. ఆయన పనిమాటే అన్నారు, తప్పు పట్టలేను. అయినా ఆ క్షణాన ఆయన గొంతు పిసకాలనిపించింది.

ఉప్పక్క మూతలన్నీ తిప్పి చూసింది. ముందు రోజుల సీసాలకి పట్టకారు పెట్టాల్సి వచ్చింది. తర్వాతివి చేత్తోనే వచ్చాయి. ఆఖరిది రెండు వేళ్ళకే ఊడింది.

"మూతలు మార్చారేమో అక్కా" అన్నాను. అబద్ధమని నాకూ తెలుసు.

"అవే మూతలు. వాడి చేతుల్లోనే బలం లేదు" అంది. "ఎన్ని రోజులు బాధపడ్డాడో! లేవలేక లేచి సీసాలు నింపాడు, వెధవ. ఫోన్‌లో అడిగితే బాగానే ఉన్నానక్కా అన్నాడు."

నేను సీసాలు సింకు దగ్గరికి తీసుకెళ్తుంటే ఆపలేదు. ఆఖరి సీసా మాత్రం లాక్కుని మూత బిగించడం మొదలుపెట్టింది.

"ఒక్క మాట చెప్పుంటే, మీ కెప్టెన్ కాళ్ళు పట్టుకునైనా ఓడని ఒడ్డుకి తిప్పించేదాన్ని కదరా" అంది సీసాతో. మూత ఇక తిరగడం లేదు. అయినా బిగిస్తూనే ఉంది.