ఆఖరి జమ ఎప్పుడు?

నా చిన్నప్పుడు మా నాన్న కొట్టు నిండా చీరలుండేవి, మా వంటింట్లో మాత్రం బియ్యం డబ్బా అడుగు కనిపిస్తూ ఉండేది. ఆ రెండూ ఒకే కప్పు కింద ఎలా ఉంటాయో పదేళ్ల నాకు అర్థమయ్యేది కాదు. నలభై ఏళ్ల నాన్నకు కూడా అర్థం కాలేదని తర్వాత తెలిసింది.

బెజవాడ వన్‌టౌన్‌లో తాతయ్య కట్టించిన ఇల్లు మాది. ముందు గదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో మేము. మంగళగిరి నేతగాళ్ల దగ్గర చీరలు తెచ్చి, చుట్టుపక్కల ఊళ్లలో కొట్లు పెట్టుకున్నవాళ్లకు అరువిచ్చేవాడు నాన్న. ఆ ఏడాది వానలకు చేలు మునిగిపోయాయి. ఊళ్లలో చీర కొనే నాథుడు లేడు. అరువు పట్టుకెళ్లినవాళ్లు మొహం చాటేశారు.

శనివారం వచ్చిందంటే నేతగాళ్లు డబ్బు కోసం వచ్చేవాళ్లు. నాన్న పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోతూ, ఊళ్లో లేనని చెప్పమనేవాడు. నేను చెప్పేదాన్ని. ఒకసారి ఒకతను భార్యను కూడా వెంటబెట్టుకొచ్చాడు. నా అబద్ధం విని ఆమె మంచినీళ్లు అడిగి తాగి, సాయంత్రం దాకా మా అరుగు మీదే కూర్చుంది. ఆమె చేతిలో ఖాళీ సంచి ఉంది. ఆ డబ్బుతో బియ్యం కొనుక్కుని వెళ్దామని తెచ్చుకున్న సంచి అది. వాళ్లు వెళ్లాక ఎప్పటికో నాన్న వచ్చాడు. కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉన్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

ఆ వారమే నాన్న ఒక నిర్ణయానికొచ్చాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి, ఇల్లు తాకట్టు పెట్టి పదివేలు తెస్తానన్నాడు. సోమవారం కాగితాల మీద సంతకాలు. అమ్మ ఎదురు చెప్పలేదు. నాన్న బయటికి వెళ్లాక నా చేత ఒక కార్డు రాయించింది, మంగళగిరిలో ఉన్న మా మేనత్తకు. నాన్నకు స్వంత అక్క ఆవిడ. అక్కడి చేనేత సొసైటీలో లెక్కలు రాసేది.

ఆదివారం పొద్దున్నే అత్త బస్సు దిగి వచ్చింది. కాళ్లు కడుక్కుని, కాఫీ కూడా తాగకుండా పుస్తకాలు తెమ్మంది. నాన్నకు కోపం వచ్చింది. అయినా తెచ్చిచ్చాడు. ఒకటి చిట్టా, ఏ రోజు బేరం ఆ రోజు రాసేది. ఇంకొకటి ఖాతా పుస్తకం, ఎవరి బాకీ వాళ్ల పేజీలో ఉండేది.

"పుస్తకంలో లాభమే ఉందక్కా," అన్నాడు నాన్న. "సరుకు పద్దెనిమిది వేలుంది. రావాల్సింది పద్నాలుగు వేలు. మనం ఇవ్వాల్సింది పదకొండే. చేతిలో డబ్బాడక గానీ, కొట్టు బాగానే ఉంది."

"లాభం సంగతి నేనడగట్లేదురా. ఈ నెల్లో చేతికి ఎంతొస్తుందో చూద్దాం."

అత్తకు ఆ మధ్యే కళ్లలో పొర వచ్చి చిన్న అక్షరాలు ఆనేవి కావు. అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదవమంది. ముందు చిట్టా. పోయిన నెలంతా రొక్కానికి జరిగిన బేరం నా చేత కూడించింది. ఆరు వందలు దాటలేదు. పద్దెనిమిది వేల సరుకు ఆ లెక్కన అమ్ముడుపోవాలంటే ఎన్నాళ్లు పడుతుందో నన్నే చెప్పమంది. ముప్పై నెలలు అన్నాను. నాన్న నా వైపు చూడలేదు.

తర్వాత ఖాతా పుస్తకం. ఒక్కొక్క పేరు, ఎంత బాకీయో చదివేదాన్ని. అత్త మాత్రం బాకీ ఎంతో పట్టించుకునేది కాదు. ప్రతి పేరుకూ ఒకటే ప్రశ్న, "ఆఖరి జమ ఎప్పుడు?" పోయిన నెల ఎంతో కొంత కట్టినవాళ్లను ఒక కాగితం మీద రాయించింది. ఏడాదిగా పైసా కట్టనివాళ్లను ఇంకో కాగితం మీద. నాన్న ఒక్కొక్క పేరుకూ అడ్డం పడేవాడు. అతను మంచివాడక్కా, గన్నవరంలో పొలం ఉంది, పంటకిస్తానన్నాడు, అనేవాడు. అత్త వినేది. విని, రెండో కాగితం మీదే రాయమనేది.

ఒక పేజీ తిప్పి నేను ఆగిపోయాను.

"ఏమే, ఆగావే? చదువు."

అది మామయ్య పేరు. అత్త భర్త. ఊరూరా తిరిగి అమ్ముతానని చీరలు పట్టుకెళ్లాడు. బాకీ మూడు వేల ఎనిమిది వందలు. పుస్తకం మొత్తంలో అదే పెద్దది. ఆ పేజీలో జమ వైపు ఒక్క గీత కూడా లేదు. నా గొంతు నాకే వినపడనంత మెల్లగా చదివాను.

అత్త పుస్తకం తనవైపు తిప్పుకుని, ఖాళీగా ఉన్న జమ వైపు వేలితో తడిమింది. ఆ బాకీ సంగతి ఆమెకు తెలియదని ఆ మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"రాని వాటిలో రాయి," అంది.

"అదేంటక్కా! బావ ఎక్కడికి పోతాడు?" అన్నాడు నాన్న.

"ఎక్కడికీ పోడు. ఇవ్వడు కూడా. ఇచ్చేవాడైతే నేను బస్సు చార్జీకి పక్కింట్లో చేబదులు తీసుకుని వస్తానట్రా? రాయవే అమ్మాయ్."

రాశాను. మొదటి కాగితం కూడితే పంతొమ్మిది వందలొచ్చింది. దానికి తోడు బేరం ఆరు వందలు, సొరుగులో ఉన్న నూట పన్నెండు. నెలలో ఇవ్వాల్సినది పదకొండు వేలు. అప్పు తెస్తే దాని వడ్డీయే నెలకు మూడు వందలు, అంటే వచ్చే బేరంలో సగం. ఇల్లు కూడా పోతుందిరా తమ్ముడూ, అంది అత్త. నాన్న గోడకు తల ఆనించి ఏడ్చాడు. మగవాళ్లు గొంతెత్తి ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు.

సోమవారం సంతకాలు జరగలేదు. సరుకంతా సగానికన్నా తక్కువకు ఒక టోకు వ్యాపారికి ఇచ్చేశాం. ఎనిమిది వేల అయిదు వందలు వచ్చింది. వసూలైన బాకీలు కూడా కలిపి ముందు నేతగాళ్లకు కట్టాడు నాన్న. ఈసారి పెరటి గుమ్మంలోంచి పోకుండా, తనే మంగళగిరి వెళ్లి గడప గడపకూ ఇచ్చి వచ్చాడు. మిగిలిన కాస్త అప్పూ ఇంకొకరి కొట్లో గుమాస్తాగా చేరి, జీతంలోంచి తీర్చాడు. కొట్టు పోయింది. ఇల్లు నిలిచింది. తన పేరు రాని బాకీల్లో రాయించిందని తెలిసి మామయ్య చాలా ఏళ్లు మా గడప తొక్కలేదు, అత్తను తొక్కనివ్వలేదు. ఆ పేరు రాసిన చెయ్యి నాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

పెద్దయ్యాక నేను నాలుగు కుట్టు మిషన్లు పెట్టుకుని బతికాను. ఇప్పటికీ నెలాఖరున పుస్తకం తీసి, ఎవరి బాకీ ఎంతని కాక, ఆఖరి జమ ఎప్పుడని చూస్తాను. పోయిన నెల మా అబ్బాయి పేరు దగ్గర చెయ్యి ఆగింది. వ్యాపారానికని నా దగ్గర తీసుకున్నాడు, రెండేళ్లయింది. తల్లిని కదా, ఇస్తాడులే అనుకోవాలని ఎంతో అనిపించింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, రాని వాటిలో రాశాను.