షడ్జమం లేని పాట

మొన్న అక్కని ఫిజియోథెరపీకి తీసుకెళ్లినప్పుడు వెయిటింగ్ రూమ్‌లో సన్నగా పియానో వినిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క మాత్రం చెవులు మూసుకుని, "ఎవరే ఆ గిన్నెలు పడేస్తున్నది? ఆపమని చెప్పవే" అంది. కౌంటర్ దగ్గరకి వెళ్లి, కాస్త ఆపుతారా అని అడిగాను. ఆపారు. ఆ సంగీతాన్ని వినడం నాకు నేర్పింది అక్కే.

అమెరికాలో అక్కది జెర్సీ సిటీ, నాది ప్లెయిన్స్‌బరో. చిన్నప్పుడు ఇద్దరం ఒకే టీచర్ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నాం. యాభై దాటాక అక్కకి ఇంప్రెషనిస్ట్ పియానో అని, వందేళ్ల కిందటి ఫ్రాన్స్ సంగీతం మీద పిచ్చి పట్టుకుంది. సెకండ్ హ్యాండ్ పియానో ఒకటి కొని, నేర్చుకుని, శనివారం నేను వెళ్లగానే సోఫాలో కూర్చోబెట్టి వినిపించేది. నాకు ఒక్క ముక్క ఎక్కేది కాదు. తొడ మీద తాళం వేద్దామంటే రెండు దెబ్బలకే చెయ్యి దారి తప్పేది. ఏ రాగమని అడిగితే నవ్వేది. బావ అయితే వంటింట్లోంచి, "ట్యూన్ చేసేవాడు ఇంకా వెళ్లలేదా?" అని అరిచేవాడు. ఒక శనివారం నేను, శ్రుతి లేకపోవడమే దీని రోగమని తేల్చి, ఆధార స్వరం షడ్జమాన్ని ఆగకుండా మోగించే తంబురా యాప్ ఫోన్‌లో ఆన్ చేసి పియానో మీద పెట్టాను. అక్క రెండు వరసలు వాయించేసరికి తంబురాకీ పియానోకీ తగువు మొదలైంది. ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వాం. "షడ్జమం కోసం వెతక్కే" అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. "స్వరం వెంటనే ఆగిపోకుండా పెడల్ తొక్కి ఉంచుతాను. వేలు తీశాక గదిలో ఏం మిగిలిందో అది విను."

చాలా శనివారాలు వృథా అయ్యాక, ఒక సాయంత్రం ఇంటికి డ్రైవ్ చేస్తూ సిగ్నల్ దగ్గర ఆగాను. కార్‌లో పెట్టుకున్న అక్క పియానో రికార్డింగ్‌లో చివరి స్వరాలు కొన్ని కలిసి మోగి, పల్చబడి, పోతూ పోతూ రంగు మారాయి. ఏమీ వెతక్కుండా విన్నాను. వెనక హారన్లు కొడుతున్నా కదల్లేదు. తర్వాత పక్కకి ఆపి ఫోన్ చేసి చెబితే అక్క, "హమ్మయ్య, ఇక ఒక్కదాన్నే వినక్కర్లేదు" అంది.

ఆ ఏడే అక్కకి స్ట్రోక్ వచ్చింది. మాట వచ్చింది, నడక వస్తోంది. సంగీతం రాలేదు. చెవులు బాగానే ఉన్నాయనీ, స్వరాలను కలిపి పాటగా పోల్చుకునే చోట మెదడు దెబ్బతిందనీ, పెద్దగా ఆశ పెట్టుకోవద్దనీ డాక్టర్ చెప్పింది. నేను పెట్టుకున్నాను. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి వినిపించేదాన్ని, అక్క మొహం చిట్లించేది. చివరికి చిన్నప్పుడు మొట్టమొదట నేర్చుకున్న గీతం నేనే పాడాను. అక్క నా నోటి వంక చూస్తూ, పాపం, ఎంతో శ్రద్ధగా విని, "పాడుతున్నావా, ఊరికే చదువుతున్నావా?" అని అడిగింది. బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

ఇప్పుడా సంగీతం నాకు మునుపటికన్నా బాగా తెలుస్తోంది. అదే భరించలేకపోతున్నాను. ఫలానా చోట ఎంత బాగుందో చెప్పుకుందామంటే, ఆ మాట అర్థం కావలసిన మనిషి ఎదురుగానే కూర్చుని మాత్రలు మింగుతోంది. నేను నేర్చుకోవడానికి కావలసినంత కాలం దొరికింది గానీ, ఇద్దరం కలిసి వినడానికి దొరకలేదు.